ఎడమ చెంపకు కుసుమ, కుడి చెంపకు ఇప్ప

ముఖం మీద ఒకేసారి రెండు రకాల నూనెలు రాసుకొని బడికి పోయిన పంతులు ఆదిలాబాదు జిల్లా మొత్తంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఎడమ చెంపకు కుసుమ నూనె, కుడి చెంపకు ఇప్పగింజల నూనె. పిల్లలు పలకలు అడ్డం పెట్టుకొని నవ్వారు. నవ్వనిచ్చాను. అప్పటికి నాలుగు నెలలుగా నా ముఖం చూసి నవ్విన మనిషి లేడు. తల తిప్పుకున్నవాళ్ళే అందరూ.

ఇది జరిగి నాలుగేండ్లయింది. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఆ చలికాలం పట్టుకున్న భయం ఇంకా పూర్తిగా వదల్లేదు. పొద్దున అద్దం తీసినప్పుడల్లా ముందు చెంపలు తడిమి చూసుకుంటాను. రాసిపెడితే కొంత బరువు దిగుతుందేమోనని ఆశ. ఇంకొకటి, నాలాంటి పొడి ముఖం ఉన్నవాళ్ళు నేను చేసిన తెలివితక్కువ పని చేయకుండా ఉంటారని. నేను డాక్టరును కాను. ప్రతిదాన్నీ కెలికి చూసే బుద్ధి మాత్రం చిన్నప్పటి నుంచి ఉంది. ఆ బుద్ధే నన్ను ముంచింది, అదే ఒడ్డుకు కూడా చేర్చింది.

కార్తీకం

మాది చొప్పదండి దగ్గర సాలెవాళ్ళ ఇల్లు. బాపు నా చిన్నప్పుడే పోతే అవ్వ మగ్గం మీద నన్ను సాకి చదివించింది. ఉట్నూర్ అవతల అడవిలో ఒక గోండు గూడెంలో ఏకోపాధ్యాయ పాఠశాలకు నన్ను వేశారు. తడికెల ఇల్లు ఒకటే. ముందు భాగం బడి, వెనుక భాగం నా కాపురం. నా భార్య భూలక్ష్మి ఏడో నెలలో తొలికాన్పుకని పెద్దపల్లి దగ్గర పుట్టింటికి పోయింది. నేనొక్కణ్ణే ఉన్నాను.

అక్కడి చలి మా కరీంనగర్ దిక్కు చలిలాంటిది కాదు. గాలి పొడిగా ఉండి ముఖాన్ని గీరుతుంది. మొదట ముఖం కడుక్కుంటే చర్మం కురచైన అంగీలాగా బిగిసేది. తర్వాత ముక్కు పక్కల, కనుబొమ్మల మీద తెల్లటి పొట్టు రాలడం మొదలైంది. ఆ తర్వాత చెంపలు ఎర్రబడి మంట. ఆవులిస్తే పెదవుల మూలలు చీరుకుపోయేవి. సుద్దముక్క పొడి పడితే కారం చల్లినట్టుండేది.

నేనేమనుకున్నానంటే, ఇది మురికి. పిల్లలకు రోజూ శుభ్రత పాఠం చెప్పే పంతులు ముఖం మీదే మురికి పేరుకుంటే ఎట్లా? బట్టల సబ్బు తీసుకొని రోజుకు ఐదుసార్లు కడగడం మొదలుపెట్టాను. తగ్గకపోతే ఆరుసార్లు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. కాని అప్పుడు తెలియదు.

ఉట్నూర్ అంగడికి పోయినప్పుడు గడ్డం గీయించుకుందామని మంగలి ముందు కూర్చున్నాను. అతను నా గడ్డం పట్టుకోబోయి, ముఖం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కత్తికి పదును లేదు సారూ. వచ్చే అంగడికి రాండ్రి."

కత్తి ఎండలో తళతళ మెరుస్తోంది. వచ్చే అంగడికి కూడా దానికి పదును రాలేదు. ఆ రోజే దుకాణంలో బెల్లం పొట్లం నా చేతికివ్వకుండా అరుగు మీద పెట్టారు. వెనుక ఎవరో "పెద్దరోగం" అన్నారు. మా దిక్కు కుష్ఠును ఆ పేరుతోనే పిలుస్తారు, పూర్తి పేరు పలికితే వస్తుందన్నట్టు. గూడేనికి నడిచి పోయే దారి పొడుగునా నా చెంపను నేనే గిల్లుకుంటూ పోయాను, స్పర్శ ఉందో లేదోనని. గిల్లీ గిల్లీ ఇంకా ఎర్రగా చేసుకున్నాను.

పుష్యం

భూలక్ష్మికి నెలలు నిండాయని సెలవు పెట్టి అత్తగారింటికి పోయాను. మామ వాకిట్లోనే ఎదురొచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. నన్ను కొడుకులెక్క చూసుకున్న మనిషి. నా ముఖం చూసి నిలబడ్డచోటే నిలబడిపోయాడు.

"ఏందల్లుడా గిది?"

"చలికి పగిలింది మామా."

"మాకు లేదా చలి?"

మంచం బయట పందిరి కింద వేశారు. నీళ్ళు మట్టి ముంతలో ఇచ్చారు, తాగినంక పగలగొట్టడానికి. భూలక్ష్మి తలుపు సందులోంచి చూసింది. ఏడుస్తోందని ముక్కు చీదిన చప్పుడును బట్టి తెలిసింది. నేను లేచి లోపలికి పోబోతే మామ చేతులు జోడించాడు.

"నీ కాల్మొక్త అల్లుడా. నిండు సూలాలు. జర దూరముండు. కరీంనగర్ దవఖానల సూపెట్టుకొని రా."

కోపం వచ్చింది. ఆయన స్థానంలో నేనుంటే నేనూ అదే చేసేవాణ్ణని కూడా తెలుసు. అందుకే బస్సెక్కాను.

దవాఖాన వరండాలో పొడుగాటి బల్ల. నేను కూర్చోగానే ఈ పక్క ఇద్దరు, ఆ పక్క ముగ్గురు లేచారు. అంత పెద్ద బల్ల మీద ఒక్కణ్ణే కూర్చుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఇంతలో కర్ర పొడుచుకుంటూ ఒక ముసలాయన వచ్చి, "జరుగు బిడ్డా" అని నా పక్కనే, మోచెయ్యి తగిలేటట్టు కూలబడ్డాడు.

"తాతా, నా ముఖం చూసినవా?" అని అడిగాను.

"సూసిన. నా దగ్గు ఇన్నవా?" అన్నాడు. కాసేపు దగ్గి, "నీది నాకంటుకొని పెద్దగయ్యేసరికి నేనుండ తియ్" అన్నాడు. మధ్యాహ్నం దాకా ఇద్దరం అట్లాగే కూర్చున్నాం. ఆయన మూటలోని జొన్నరొట్టె సగం తుంచి నాకిచ్చాడు. పేరు అడగడం మరిచిపోయానని ఇప్పటికీ బాధే.

డాక్టరు కళ్ళు మూసుకోమన్నాడు. "దూదితో తాకుతా. ఎక్కడ తాకితే అక్కడ చెప్పు."

"కుడి చెంప" అన్నాను వెంటనే.

"ఇంకా నేను ముట్టనే లేదు."

భయం అట్లా ఉంది. రెండోసారి నిమ్మళంగా చూశాడు. ప్రతిచోటా స్పర్శ తెలిసింది. ఉండాల్సిన దానికంటే ఎక్కువే తెలిసింది. కుష్ఠు కాదన్నాడు. ఆ మాట వినగానే ఆయన బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. ఆయన నా వీపు తట్టి, "పొడి చర్మం, అంతే. సబ్బు మానెయ్. ఏదన్నా మంచి నూనె రాసుకో" అని, కుష్ఠు కాదని చీటీ రాసిచ్చాడు. ఏ నూనె అని అడిగేలోపు లోపలికి ఇంకొకరు వచ్చేశారు.

చీటీ తీసుకొని ఉరికినట్టే అత్తగారింటికి పోయాను. మామ దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు.

"కాయితం సక్కగనే ఉన్నదల్లుడా. ముఖమే సక్కగ లేదు."

సెలవు అయిపోయింది. నేను గూడెం చేరిన వారానికి మామ దగ్గరి నుంచి కార్డు వచ్చింది. ఆడబిడ్డ. తల్లీబిడ్డా క్షేమం. కింద ఇంకో రెండు వాక్యాలు: ఇరవై ఒకటో రోజు తొట్టెలకు మీరు రావద్దు. మూడో నెల నిండినంక మేము చూసి, ముఖం బాగుంటే తోలిస్తాము. బాగుంటే అన్న మాట దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. బాగుపడకపోతే భార్యాబిడ్డలు నాకు లేనట్టే. కార్డు మడిచి జేబులో పెట్టుకొని ఆ పూట బడి నడిపాను. ఏం చెప్పానో గుర్తు లేదు.

ఇక "ఏదన్నా మంచి నూనె" అన్న మాట నా బుర్రలో తొలవడం మొదలైంది. ఏది మంచిది? తలకొక మాట. పాత కాపీ పుస్తకం వెనుక పేజీల్లో గీతలు గీసి, ఒక్కొక్క నూనెను ముందు మోచేతి మడతలో మూడు రోజులు రాసి, మంట పుట్టకపోతేనే ముఖానికి ఎక్కించాను. వేపనూనె మోచేతి దగ్గరే ఆగిపోయింది. మంట ఒకటి, వాసన ఒకటి. ముందు వరుస పిల్లలు వెనుక వరుసకు పోయారు. ఆముదం జిగటగా ఉండి బడిలోని దుమ్మంతా ముఖం మీదికి పిలుచుకొచ్చింది. కొబ్బరినూనె ఎంతో దూరం నుంచి వచ్చిన సరుకని ఆశపడ్డాను. నా ముఖం మీద గంట కూడా నిలవలేదు. నువ్వులనూనె కొంత నయం.

ఒకరోజు మారుబాయి వచ్చింది. మనవణ్ణి బడికి తోలుకొచ్చే గోండు ముసలామె. ఆమె తెలుగులో సగం మరాఠీ కలిసి ఉంటుంది. వాకిట్లో నిలబడి నన్ను పరీక్షగా చూసింది.

"కాయ్ ఝాలా గురూజీ? తోండ్, ముఖం, గిట్ల పగిలింది?"

నేను చెప్పేలోపే దగ్గరికొచ్చి రెండు చేతులతో నా ముఖం పట్టుకొని వెలుతురు దిక్కు తిప్పింది. రెండు నెలల్లో డాక్టరు గాక నా ముఖం ముట్టిన మొదటి మనిషి. ఆమె అరచేతులు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే, "రడూ నకో, ఏడ్వకు" అని కసిరింది. మర్నాడు చిన్న సొరబుర్రలో ఇప్పగింజల నూనె తెచ్చింది. చలికి అది నెయ్యిలాగా పేరుకొని ఉంది. వేలితో గీరి అరచేతిలో రుద్దితే కరిగింది. వాళ్ళు దానితోనే కూర వండుతారు, దానితోనే పగిలిన మడమలకు రాస్తారు. రాసినప్పుడు హాయిగా ఉండేది. కాని మధ్యాహ్నానికి పైన జిడ్డు, లోపల మాత్రం బిగుతు అట్లాగే. ఎందుకో అర్థం కాలేదు. నూనె ఉంది, పొడితనమూ ఉంది. రెండూ ఒకే చెంప మీద ఎట్లా కాపురం చేస్తున్నాయి?

మాఘం

అవ్వకు జ్వరమని కబురొస్తే ఇంటికి పోయాను. నేను పోయేసరికి జ్వరం లేదు, అవ్వ వీధిలో ఉంది. పడుగు నూలు పొడుగ్గా చాపి కుంచెతో గంజి పట్టిస్తోంది. పొద్దెక్కితే నూలు ఆరిపోతుందని తెల్లవారే మొదలుపెడతారు. నా ముఖం చూసింది. తన కంచంలోనే నాకు అన్నం పెట్టింది. అంతకంటే ఏం చెప్పాలి?

మర్నాడు పొద్దున నేను ముఖం కడుక్కొని, తువ్వాలతో గట్టిగా తుడిచి, ఒక్క చుక్క తడి కూడా లేకుండా ఎండకు కాసేపు నిలబడి, అప్పుడు ఇప్పనూనె రుద్దుకుంటున్నాను. అవ్వ గంజి కుంచె పట్టుకొని ఆగిపోయింది.

"ఏందిర గది? ముఖాన్ని ఎండబెట్టి నూనె రుద్దుతున్నవ్?"

"తడి ఉంటే నూనె అంటదవ్వా. నీళ్లకు నూనెకు పడదు."

"ఎవ్వడు జెప్పిండు?"

"నేనే జెప్త బడిల. గిలాసల పోసి సూపెడ్త పోరగాండ్లకు."

"నీ గిలాస పాడుగాను! గీ గంజిల నీళ్లు లేవా? నూనె లేదా? పోగు తడి మీదున్నప్పుడే గద నూనె పట్టేది. ఆరినంక పెడ్తె పైన్నే కూసుంటది. మగ్గమెక్కితె పటపట తెగుతది. గింత గుర్తులేదా? నాలుగక్షరాలు రాంగనే పని మర్సినవ్."

సాలోళ్ళ ఇంట పుట్టి, పదేండ్ల వయసులో గంజి కుంచె పట్టినవాణ్ణి నేను. ఆ మాట వినగానే చెంప మీద కొట్టినట్టయింది. అయినా నా బుద్ధి ఊరుకుంటుందా? రెండు నూలు పోగులు తీసుకున్నాను. ఒకటి తడి మీదుండగా నూనె వేలితో సాగదీశాను. రెండోది ఆరినంక రాశాను. రెండింటినీ ఆరబెట్టి బొటనవేలికి చుట్టి లాగాను. రెండోది టప్పున తెగింది. మొదటిది సాగింది. అవ్వ పక్కనుంచి చూస్తూ, "అవ్వ మాటకు గూడ పరీచ్చనా?" అని నవ్వింది.

ఆ పూటే గోరువెచ్చటి నీళ్ళతో, సబ్బు లేకుండా, ముఖం కడిగాను. తువ్వాలతో రుద్దలేదు, ఊరికే అద్దాను. తడి ఇంకా ఉండగానే అరచేతిలో నాలుగు చుక్కల నూనె వేసి రెండు చేతులకూ పూసుకొని చెంపలకు ఒత్తాను. మధ్యాహ్నానికి ముఖం బిగుసుకోలేదు. సాయంత్రం ఆవులించాను. పెదవి చీరలేదు. ఇంకోసారి కావాలనే ఆవులించి చూశాను.

ఫాల్గుణం

గూడెం తిరిగొచ్చాక నా కాపీ పుస్తకం మళ్ళీ తెరిచాను. ఇప్పుడు పద్ధతి తెలిసింది కాబట్టి నూనెల మధ్య అసలు తేడా ఏంటో తేల్చాలి. వచ్చేటప్పుడు అవ్వ గాండ్ల వాళ్ళింట గానుగ ఆడించి తెచ్చిన కుసుమ నూనె సీసాతో ఇచ్చింది. దాన్ని ఎడమ చెంపకు, మారుబాయి ఇచ్చిన ఇప్పనూనె కుడి చెంపకు పెట్టుకొని బడికి పోయింది ఆ వారమే. పిల్లలకు సంగతి చెప్పి, రోజూ సాయంత్రం ఏ చెంప బాగుందో మీరే తీర్పు చెప్పండన్నాను. వాళ్ళు పెద్దమనుషుల్లాగా చేతులు వెనక్కి కట్టుకొని వచ్చి చూసేవాళ్ళు.

"ఎడ్మ దిక్కు నున్నగుంది గురూజీ."

"కుడి దిక్కు ఈగ వాలింది గురూజీ."

వారం తర్వాత తేలిందేమంటే, పగటికి కుసుమ తేలిక, చర్మం లోపలికి ఇంకుతుంది, జిడ్డు మిగలదు. తెల్లవారుజాము చలిగాలికి మాత్రం ఇప్పే గట్టిది. సబ్బు మానడం వల్ల ఎంత తగ్గింది, నూనె వల్ల ఎంత తగ్గింది, చలి తగ్గడం వల్ల ఎంత అన్నది నేను విడదీసి చెప్పలేను. అన్నీ కలిసే పనిచేసి ఉంటాయి. చదివేవాళ్ళు నా మాట మీద దుకాణానికి పరుగెత్తకుండా, ముందు డాక్టరుకు చూపించుకొని, మోచేతి మడతలో పెట్టి చూసుకొని మరీ రాసుకోవాలి. నాకు పడింది మీకు పడకపోవచ్చు.

నెల చివరికి పొట్టు రాలడం ఆగింది. ఎరుపు పోయింది. అంగడిలో మంగలి నన్ను చూసి తనే పిలిచాడు. కత్తికి పదునొచ్చిందా అని అడిగితే తల వంచుకొని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, గడ్డం గీయించుకున్నాను.

చైత్రం

మూడో నెల నిండింది. మామ నుంచి కబురు రాలేదు. పది రోజులు ఆగాను. ఇక ఆగలేక నూనె సీసా సంచిలో పెట్టుకొని, నిర్మల్ మీదుగా రెండు బస్సులు మారి వాళ్ళ వాకిట్లో దిగాను.

మామ నన్ను ఎండలోకి తీసుకుపోయాడు. గడ్డం పట్టుకొని, అంగడిలో ఎద్దును చూసినట్టు, ఈ దిక్కు ఆ దిక్కు తిప్పి చూశాడు. కనుబొమ్మలు వేలితో రాసి చూశాడు.

"సక్కగైంది" అన్నాడు. కాని ముఖంలో సంతోషం లేదు. అరుగు మీద కూలబడి తల పట్టుకున్నాడు. "నీకో మాట దాసిన అల్లుడా."

లోపలి నుంచి భూలక్ష్మి బిడ్డను ఎత్తుకొని వచ్చింది. చిక్కిపోయింది. బిడ్డ ముఖం మీది నుంచి కొంగు తీసింది. చిన్న చెంపలు రెండూ ఎర్రగా, గరుకుగా, పొట్టు లేచి ఉన్నాయి. కనుబొమ్మల మీద కూడా. అచ్చం కార్తీకంలో అద్దంలో నేను చూసిన ముఖమే, పిడికెడంత.

"నెలన్నర సంది గిట్లనే" అంది అత్తమ్మ తలుపు దగ్గరి నుంచి. "దినాం శనగపిండితోని గట్టిగ రుద్దుతున్న. ఇంత గూడ తగ్గుతలేదు. నీ రోగమే అంటిందని…"

నా బిడ్డను నేను చూడడం అదే మొదటిసారి. ముందు దుఃఖం వచ్చింది. నా వల్లే కదా అని. ఆ వెంటనే ఇంకో సంగతి తట్టింది. తట్టిన సంగతిని పైకే అన్నాను.

"ఎట్ల అంటుతదత్తమ్మా? నేను ముట్టుకోనే లేదు గద."

మామ తలెత్తి నన్ను చూశాడు, బిడ్డను చూశాడు. మట్టి ముంత, పందిరి కింద మంచం, రావద్దని రాసిన కార్డు, అన్నీ ఆయన ముఖంలో ఒకదాని తర్వాత ఒకటి కదలడం నాకు కనబడింది. నాకు ఆయన మీద కోపం ఉండాలి. లేదు.

శనగపిండి మాన్పించాను. కుసుమ నూనె ఒక్క చుక్క బిడ్డ మోచేతి మడతలో పెట్టి, మర్నాటి దాకా ఆగాను. ఏమీ కాలేదు. పొద్దున భూలక్ష్మి గోరువెచ్చటి నీళ్ళలో మెత్తటి పాతచీర గుడ్డ ముంచి బిడ్డ చెంపలు అద్దింది. తడి ఆరకముందే నా వేళ్ళకు నూనె పూసుకున్నాను. అంత చిన్న చెంపను ఎట్లా ముట్టుకోవాలో తెలియలేదు. భూలక్ష్మి నా చెయ్యి పట్టుకొని బిడ్డ ముఖం మీద పెట్టింది. బిడ్డ ఏడవబోయి ఆగి, కళ్ళు పెద్దవి చేసి నన్ను చూడసాగింది.

"ముక్కు నాది, చెవులు మా అవ్వయి" అంది భూలక్ష్మి. "తండ్రి పోలిక యాడుందని తొట్టెల నాడు ఊరంత అడిగిండ్రు. ఒక్కరికి గూడ జవాబు చెప్పలేకపోయిన."

ఆమె బిడ్డ కనుబొమ్మ మీది పొట్టును కొనవేలితో తాకింది.

"మూడు నెల్లు నిన్ను దగ్గరికి రానియ్యలే. నీ బిడ్డనే అని గిది ముఖం మీద రాసుకొని కూసుంది సూడు."